మా ఆఫీసు పటమటకు మారుతోంది: నవంబర్‌లో మీరు చూసుకోవాల్సినవి

కస్టమర్లందరికీ నమస్కారం.

మీ జీఎస్టీ, పన్ను లెక్కలు చూసే మా విజయవాడ గవర్నర్‌పేట ఆఫీసును నవంబర్ 27 శుక్రవారం సాయంత్రం మూసేస్తాం. డిసెంబర్ 1 మంగళవారం పొద్దున పటమటలో తెరుస్తాం.

ఈ రోజులే ఎందుకంటే, నెలలో గడువులు వరసగా ఉంటాయి: 7న టీడీఎస్ (చెల్లింపుల్లో పట్టుకున్న పన్ను), 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్), 15న పీఎఫ్, 20న 3బీ (జీఎస్టీ పన్ను కట్టే రిటర్న్), 25న క్యూఆర్‌ఎంపీ (మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి) వాళ్ల చలానా. ఆ తర్వాతే మా చేతులు కాస్త ఖాళీ అవుతాయి. ఈసారి ఒక చిక్కు ఉంది. 2025-26 బిల్లుల మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోవడానికి గడువు నవంబర్ 30. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు అది 20న వేసే అక్టోబర్ 3బీలోనే పడాలి. మిగిలిపోయిన బిల్లులు 14లోపు పంపండి. 28న సంచితో వస్తే పెట్టెల మధ్య కూర్చోబెట్టడం తప్ప ఏమీ చేయలేం.

సర్వర్‌ను 27 రాత్రి ఎనిమిదికి ఆపుతాం. అంతకుముందే ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటాను రెండు హార్డ్ డిస్కుల్లోకి బ్యాకప్ తీసి, వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి, మీ కంపెనీల లెక్కలన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకుని మునిగినవాళ్లు మా లైన్లో తక్కువేం కాదు. సర్వర్ ఒక కారులో, డిస్కులు ఇంకో కారులో వెళ్తాయి, లారీ ఎక్కించం. యూపీఎస్ బ్యాటరీలు ఒక్కోటి యాభై కిలోల పైమాటే. పడుకోబెడితే యాసిడ్ కారుతుంది, పక్కనున్న కాగితాలు పోతాయి. అందుకే టెర్మినళ్లకు టేపు చుట్టి, నిలబెట్టి, ఫైళ్లు లేని ట్రిప్పులో పంపుతాం.

ఇంటర్నెట్ పాత లైన్ షిఫ్ట్ చేయించడం లేదు. అలా చేయిస్తే రెండు చోట్లా లైన్ లేని రోజులు వస్తాయి. అక్కడ కొత్తది ముందే పెట్టించి, నెలాఖరు దాకా రెండిటికీ బిల్లు కడతాం. కాకపోతే స్టాటిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో మా సర్వర్ నంబరు, మారుతుంది. మీ షాపు నుంచి మా ట్యాలీలోకి వచ్చేవాళ్లకు పాత సెట్టింగ్‌తో తెరుచుకోదు. కొత్తది 30న వాట్సాప్‌లో పంపుతాం.

మీ ఫైళ్లను జిరాక్స్ పేపర్ అయిదు రిమ్ములు వచ్చే పెట్టెల్లో సర్దుతున్నాం. పెద్ద పెట్టెలో కాగితం వేస్తే ఎత్తేటప్పుడు అడుగు ఊడిపోతుంది. చిన్నది నిండా వేసినా పన్నెండు కిలోలకు అటూ ఇటూ, ఒక్క మనిషి మోస్తాడు. నంబర్లు మూత మీద కాకుండా రెండు పక్కలా రాస్తున్నాం, పేర్చాక మూత కనపడదు కదా. అయినా డిసెంబర్ మొదటి వారంలో పాత ఫైలు కావాలంటే ఒక రోజు ముందు చెప్పండి.

జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. 2017-18కి ఆ లెక్క 2026 ఫిబ్రవరితో తీరింది. అప్పీళ్లు, కేసులు ఉన్నవాళ్లవి తప్ప ఆ ఏడాది ఫైళ్లు, జీఎస్టీకి ముందున్న వ్యాట్ కాలం ఫైళ్లు మాతో రావు. 21లోపు సంతకం పెట్టి తీసుకెళ్లండి. మీ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు (ఆన్‌లైన్‌లో సంతకం పెట్టడానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటివి) కూడా అప్పుడే తీసుకోండి. నిజానికి అవి మా బీరువాలో ఉండకూడదు, మీ దగ్గరే ఉండాలి. మీ సౌకర్యం కోసం పెట్టుకుంటూ వచ్చాం, అది మా తప్పే.

మా జీఎస్టీ చిరునామా మార్పును 15 రోజుల్లోపు రెగ్-14 ఫారంలో మేం పెట్టుకుంటాం. పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ ఉత్తరాలకు మా గవర్నర్‌పేట చిరునామా ఇచ్చినవాళ్లు మాత్రం ఇప్పుడే మార్పించుకోండి. నోటీసు పాత గుమ్మానికి చేరినా అందులోని గడువు ఆగదు.

కొత్త చోట అద్దె ఎక్కువ. వచ్చే మార్చి దాకా ఫీజు పెంచం, ఏప్రిల్ సంగతి ఫిబ్రవరిలో చెబుతాం. కార్లు రెండే పడతాయి, బైకులకు చోటుంది. లిఫ్టు లేదు, ఆఫీసు మొదటి అంతస్తులో. మెట్లెక్కలేనివాళ్లు కింద నుంచి ఫోన్ చేస్తే మనిషిని పంపుతాం.