బస్సు దాకా నడిచే దారి ఏది?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ రవాణా గురించి మీ పత్రికలో వస్తున్న వార్తలను, వ్యాసాలను క్రమం తప్పకుండా చదివేవారిలో నేనూ ఒకడిని. మెట్రో విస్తరణ, ఎలక్ట్రిక్ బస్సులు, కొత్త ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు అన్నీ చర్చించవలసినవే. అయితే ఆ చర్చల్లో దాదాపు ఎప్పుడూ చోటు దక్కని విషయం ఒకటుంది. బస్సెక్కే మనిషి ముందు ఇంటి నుంచి బస్టాప్ దాకా నడవాలి, దిగిన తరువాత మళ్లీ నడవాలి, పోయేటప్పుడో వచ్చేటప్పుడో ఒకసారైనా రోడ్డు దాటి తీరాలి. ఆ నడకకు భద్రత లేనంతకాలం ఎన్ని బస్సులు కొన్నా, ఎన్ని కిలోమీటర్ల మెట్రో వేసినా ప్రజా రవాణా జనానికి పూర్తిగా అందదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా ప్రాంతం సంగతే చెబుతాను. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా వరంగల్ జాతీయ రహదారి మీద 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ (స్తంభాల మీద సాగే పైరోడ్డు) పనులు గడువు మీద గడువు దాటుతూ ఏళ్ల తరబడి సాగాయి. స్తంభాల కోసం రోడ్డు మధ్యభాగం పోగా మిగిలిన దాంట్లోనే లారీలు, బస్సులు, షేర్ ఆటోలు, బైకులు ఎలాగో సర్దుకున్నాయి గానీ, నడిచేవారికి మాత్రం చోటు మిగలలేదు. ఉదయం ఆఫీసు వేళకు ఏ స్టాప్ దగ్గరైనా కాసేపు నిలబడి చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. బస్సు ఆగవలసిన చోటును ఆటోలు ఆక్రమించి ఉంటాయి కనుక డ్రైవర్ రోడ్డు అంచుకు రాలేక నడిమధ్యనే బస్సు ఆపుతాడు. వెనుక నుంచి హారన్లు మోగుతుంటాయి కనుక ఎక్కువసేపు ఆపలేడు. చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని జీరో టికెట్ (మహిళలకిచ్చే ఉచిత టికెట్) కోసం వచ్చే ఆడవాళ్లు, బరువైన బ్యాగులు మోసే కాలేజీ పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పగిలిన మురుగు కాలువ పలకల మీదుగా దిగి ఆ బస్సు దగ్గరికి పరుగెత్తుతారు. సరిగ్గా అప్పుడే బస్సుకూ రోడ్డు అంచుకూ మధ్య మిగిలిన ఆ కాస్త సందులోంచి ఎడమ పక్కగా బైకులు దూసుకొస్తాయి. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టిన పెద్దావిడ ఆ బైకును చూసి కాలు వెనక్కి తీసుకోవడం, ఈలోగా బస్సు కదిలిపోవడం మా స్టాప్‌లో అందరూ చూసేదే. ఇందులో డ్రైవర్‌ను గానీ కండక్టర్‌ను గానీ తప్పుపట్టలేము. వాళ్లు ఆపడానికి స్థలమంటూ ఉంటే కదా.

మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పిస్తూ 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో తెలంగాణలో మహిళల బస్సు ప్రయాణాలు బాగా పెరిగాయి. ఇళ్లలో పనిచేసేవారు, బట్టల దుకాణాల్లో, ఆసుపత్రుల్లో చిన్న జీతాలకు పనిచేసేవారు నెలకు ఎంతో కొంత మిగుల్చుకోగలుగుతున్నారు. ఆ పథకాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ టికెట్ డబ్బులు మిగిలిన మహిళకు రాత్రి 9 గంటలకు బస్సు దిగి వీధిదీపం లేని సర్వీస్ రోడ్డు మీద ఇంటిదాకా నడిచే ధైర్యం కూడా ప్రభుత్వమే ఇవ్వాలి కదా.

బస్సుల కొరత ఉన్నమాట నిజమే. లక్ష జనాభాకు 60 బస్సులుండాలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2009 నాటి ప్రమాణాల్లో పేర్కొంది. కోటి దాటిన జనాభాకు సుమారు 3 వేల సిటీ బస్సులున్న మన నగరం అందులో సగానికి కూడా చేరలేదు. ఎలక్ట్రిక్ వాహనాలకు కేంద్రం సాయమందించే పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించడం ఈ లెక్కన సంతోషించవలసిన విషయమే. అయితే ఆ బస్సులు ఎక్కడ ఆగుతాయి? లోపలి నేల తక్కువ ఎత్తులో ఉండే లో-ఫ్లోర్ బస్సు ప్రయోజనం అది ఫుట్‌పాత్‌కు ఆనుకుని ఆగినప్పుడే ఉంటుంది. చక్రాల కుర్చీలో వచ్చే మనిషి గానీ, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి గానీ ఒక్క అడుగులో లోపలికి వెళ్లగలగాలన్నదే ఆ తయారీలోని ఉద్దేశం. ఫుట్‌పాత్ లేనిచోట, ఉన్నా బస్సు దానికి దూరంగా ఆగేచోట, అంత డబ్బు పోసి కొన్న బస్సు కూడా వారికి పాత బస్సుతో సమానమే.

రోడ్ల నిర్మాణ ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఏ అడ్డూ లేకుండా ఉండాలి, దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మన నగరంలో ఉన్న కాసిన్ని ఫుట్‌పాత్‌ల మీదే ట్రాన్స్‌ఫార్మర్లు, వేలాడే కేబుల్ కట్టలు, దుకాణాల ర్యాంపులు, నిలిపి ఉంచిన కార్లు కనిపిస్తాయి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఫుట్‌పాత్ ఆక్రమణ అనగానే అధికారుల దృష్టి ముందుగా తోపుడు బండి మీదికే పోతుంది. వీధి వ్యాపారులకు 2014 చట్టం హక్కులు ఇచ్చింది, వారికి స్థలాలు కేటాయించవలసిన బాధ్యతను పురపాలక సంస్థల మీద పెట్టింది. ఆ పని చేయకుండా బండ్లను మాత్రం ఎత్తుకెళ్లి, పక్కనే షోరూమ్ ముందు వరుసగా నిలిపిన కార్లను వదిలేయడం న్యాయం కాదు.

ఇక రోడ్డు దాటడం. కొన్నేళ్లుగా అనేక కూడళ్లలో సిగ్నళ్లు తీసేసి, డివైడర్లు మూసి, కొంత దూరంలో యూటర్న్‌లు ఏర్పాటు చేస్తున్నారు. వాహనాలు ఆగకుండా సాగిపోతాయి గనుక దీన్ని విజయంగా చెబుతున్నారు. కానీ నడిచే మనిషి రోడ్డు దాటగలిగేది వాహనాలు ఆగినప్పుడే! ఎర్రదీపం పడే చోటే లేకుండా చేస్తే అతను చెయ్యి చాపి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తడం మినహా చేయగలిగింది లేదు. ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉంది కదా అంటారు. 2023లో ప్రారంభమైన ఉప్పల్ స్కైవాక్ లాగా లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉండి, మెట్రో స్టేషన్‌తో కలిసిపోయినది ఉపయోగపడుతుంది, సందేహం లేదు. అలాంటిది ప్రతి కూడలిలో కట్టలేము. లిఫ్టు పనిచేయని వంతెన మెట్లు ఎక్కమని డెబ్బై ఏళ్ల మనిషికి చెప్పడం, కారులో కూర్చున్నవారికి అరనిమిషం ఆదా చేయడానికి ఆయన్ను శిక్షించడమే అవుతుంది.

ఇలా విసిగిపోయినవారు చివరికి ఏం చేస్తున్నారో మనకు తెలుసు. కొడుకు ఇంటర్ దాటగానే కిస్తీల మీద బైకు కొంటున్నారు. దాంతో రోడ్డు మీద మరో బండి పెరుగుతుంది, బస్సు మరింత ఆలస్యమవుతుంది, అది చూసి మరో ఇంటివారు బైకు కొంటారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు, 32,825 మంది పాదచారులు. అంటే ప్రతి పదిమంది మృతుల్లో ఆరుగురికి పైగా ఈ రెండు వర్గాలవారే. నడకకు, బస్సుకు మనం చేస్తున్న నిర్లక్ష్యానికి ఈ మరణాలకు సంబంధం లేదని ఎవరైనా అనగలరా?

సుప్రీంకోర్టు 2025 మే 14న ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. అదే ఏడాది అక్టోబరు 7న పాదచారుల భద్రతకు, రోడ్ల నిర్మాణ ప్రమాణాలకు మోటారు వాహనాల చట్టం కింద ఆరు నెలల్లో నియమాలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. అంతకు చాలా ముందే, 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు మీద ప్రాధాన్యం వాహనాలకు కాక మనుషులకు దక్కాలని చెప్పింది. కాబట్టి చట్టం లేదన్న సాకు చెల్లదు. అసలు చిక్కు బాధ్యత ఎవరిదన్న దగ్గర ఉంది. రోడ్డు ఒక శాఖది, ఫుట్‌పాత్ ఇంకొకరిది, స్తంభం విద్యుత్ సంస్థది, సిగ్నల్ పోలీసులది, బస్సు ఆర్టీసీది. వీరందరినీ ఒక తాటిపైకి తేవడానికే 2008లో హైదరాబాద్‌కు ఏకీకృత మహానగర రవాణా సంస్థను ఏర్పాటు చేశారు. దానికి తగిన అధికారాలు, నిధులు, సిబ్బంది ఇచ్చి ఉంటే ఈ లేఖ రాయవలసిన అవసరం ఉండేది కాదేమో.

ప్రభుత్వాన్ని నేను కోరేది భారీ ప్రాజెక్టు కాదు. కొత్త ఎలక్ట్రిక్ బస్సులు తిరగబోయే మార్గాల్లో ప్రతి స్టాప్‌కు అటూ ఇటూ అర కిలోమీటరు మేర ఎక్కడా తెగని ఫుట్‌పాత్, వీధిదీపాలు, నేల మీదే దాటగలిగే క్రాసింగ్, దానికి నడిచేవారి కోసం వాహనాలకు ఎర్రదీపం పడే సిగ్నల్ బస్సుల కంటే ముందే సిద్ధం చేయాలి. షెల్టర్లను ప్రకటనల బోర్డు బాగా కనిపించే చోట కాక బస్సు నిజంగా ఆగే చోట కట్టాలి, దాని ముందు ఆటోలు నిలవకుండా ఆటోలకూ పక్కనే వేరే స్థలం చూపాలి. ప్రతి ఫ్లైఓవర్ అంచనా వ్యయంలో కింది రోడ్డు మీద నడిచేవారి ఏర్పాట్లకు విడిగా పద్దు చూపించాలి, ఆ పని పూర్తికాకుండా కాంట్రాక్టరుకు తుది బిల్లు చెల్లించకూడదు. ఉప్పల్–నారపల్లి మార్గంతోనే దీన్ని మొదలుపెట్టాలని మా ప్రాంత ప్రయాణికుల తరఫున మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక నిత్య ప్రయాణికుడు,
బోడుప్పల్, హైదరాబాద్