తాబేలును ఇచ్చేముందు అది ఉండబోయే చోటు చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎవరూ పట్టించుకోక పాడైపోయిన పెంపుడు తాబేళ్లను దత్తత తీసుకోమంటూ మీ పత్రిక వేసిన కథనం చదివాను. ఉద్దేశం మంచిదే. అయితే అరవదు, కరవదు, ఏ మూలన ఉంచినా పడి ఉంటుంది, ఇన్ని ఆకులు వేస్తే చాలు అన్న ధోరణిలో అది సాగడం చూసి ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఆ తాబేళ్లు అలా తయారైంది సరిగ్గా ఈ మాటలు నమ్మిన ఇళ్లలోనే కదా! ఇప్పుడు అవే మాటలు చెప్పి మరో ఇంటికి పంపిస్తే చేతులు దులుపుకున్నట్టే అవుతుంది. చేతులు మారి వచ్చిన తాబేళ్లు మా ఇంట్లోనూ ఉన్నాయి కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతున్నాను.

కుక్కకు రెండు రోజులు తిండి పెట్టకపోతే ఇరుగుపొరుగుకు తెలిసిపోతుంది. తాబేలు సంగతి అలా కాదు. శీతల రక్త జీవి కావడంతో ఆకలినీ జబ్బునూ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మోస్తూ బతికే ఉంటుంది. పైకి చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. లోపల మాత్రం ఎముక కరిగిపోతూ ఉంటుంది. దాని డిప్ప సజీవమైన ఎముక. వెన్నెముక, పక్కటెముకలు దానిలోనే కలిసిపోయి ఉంటాయి. ఆ ఎముకకు కాల్షియం కావాలి, అది ఒంటబట్టాలంటే విటమిన్ డి3 కావాలి, డి3 తయారవ్వాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకమైన యూవీబీ కిరణాలు ఒంటిమీద పడాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో వెలుగూ వేడీ ఉంటాయి గానీ యూవీబీ దాదాపు ఉండదు. ‘రోజూ కిటికీ పక్కనే పెడతామండీ’ అనే వాళ్ల తాబేలు డిప్ప వేలితో నొక్కితే లోపలికి పోవడానికి కారణం ఇదే. ప్రత్యేకంగా కొన్న యూవీబీ బల్బుతోనూ ఇలాంటి చిక్కే. అది వెలుగుతూనే ఉంటుంది, యూవీబీ ఇవ్వడం మాత్రం తగ్గిపోతుంది. రకాన్ని బట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చాల్సిందే.

ఇలా వచ్చిన తాబేలును ఒకసారి దగ్గరగా చూడండి. పైదవడ పెరిగి చిలక ముక్కులా కిందికి వంగి ఉంటుంది. ఆకును కొరకలేదు, నోటితో తోసుకుంటూ పోతుంది. నున్నటి గచ్చు మీద తిరిగిన కాళ్లకు గోళ్లు అరగక పక్కకు తిరిగిపోతాయి. డిప్ప మీది పలకలు ఒక్కొక్కటీ గుబ్బలుగా లేచి ఉంటాయి. పెరిగే వయసులో గాలిలో తేమ చాలకపోవడం దీనికి పెద్ద కారణం. కొన్నింటికి డిప్ప వెనక అంచున డ్రిల్‌తో వేసిన రంధ్రం కూడా కనిపిస్తుంది, తాడు కట్టడానికి! బతికున్న ఎముకకు కన్నం పెట్టామని వేసినవాళ్లకు తట్టనే లేదు. లేచిన గుబ్బలు ఎంత బాగా చూసుకున్నా మళ్లీ అణగవు. అవి తగ్గలేదని కొందరు నిరాశపడతారు. నిజానికి చూడాల్సింది పలకల అంచుల్ని. పాత ముదురు రంగు పక్కన లేత రంగులో ఒక సన్నటి గీత నున్నగా, చదునుగా వస్తోందంటే ఎముక సరిగ్గా పెరగడం మొదలైందన్నమాట.

ఇంటికి తెచ్చిన రోజే పళ్లెం నిండా తిండి పెట్టడం చాలామంది చేసే పని. బాగా చిక్కిపోయిన తాబేలుకు ముందు నీరు అందాలి. గడ్డం మునగనంత లోతు గోరువెచ్చని నీళ్లలో పావుగంటో ఇరవై నిమిషాలో కూర్చోబెట్టాలి. అది విసర్జించే తెల్లటి లవణాలు గరుకుగా, గట్టిగా ఉంటే ఒంట్లో నీరు చాలలేదని అర్థం. ఒంటికి నీరు పట్టాక తిండి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో లవణాల లెక్క తప్పి ప్రాణం మీదికి వస్తుంది. పెరిగిన ముక్కును ఇంట్లో గోళ్ల కత్తెరతో కత్తిరించబోతే చీలిపోతుంది, అది డాక్టరు పని.

ఆ డాక్టరు కూడా సరీసృపాలు తెలిసినవారై ఉండాలి. కుక్కలకూ పశువులకూ మామూలుగా వాడే నులిపురుగుల మందు ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు ప్రాణాంతకం. కళ్లు ఉబ్బాయి కదా అని విటమిన్ ఎ ఇంజెక్షన్ ఇస్తే, మోతాదు మించినప్పుడు చర్మం పొరలు పొరలుగా ఊడి వస్తుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా! దత్తత ఇచ్చే సంస్థ ఇంకేమీ చెప్పకపోయినా ఈ రెండు ముక్కలు కాగితం మీద రాసి చేతిలో పెట్టాలి.

మీ కథనంలో జాతుల ప్రస్తావన కూడా లేదు. ఒకదానికి మేలు చేసేది మరోదానికి కీడు చేస్తుంది. ఎర్రకాళ్ల తాబేలు పండ్లు తింటుంది, ఆఫ్రికా జాతి భూతాబేలైన సుల్కాటాకు గడ్డీ పీచూ తప్ప తీపి అరగదు. హెర్మన్ తాబేలు, రష్యన్ తాబేలు చలికాలంలో నిద్రపోతాయి, సుల్కాటా, నక్షత్ర తాబేలు పోవు. వాటిని చల్లటి చోట పెట్టి ‘నిద్రపోతోంది’ అనుకుంటే అది చావుకు దగ్గరవుతున్నట్టు. ఇక సైజు విషయానికొస్తే, అరచేతిలో పట్టే సుల్కాటా పిల్ల పెద్దయ్యాక 45 కిలోలు దాటవచ్చు. గోడ వారగా సొరంగాలు తవ్వుతుంది, బలహీనమైన తలుపైతే తోసుకుని వెళ్లిపోతుంది. ఈ జాతిని వదిలించుకునే వాళ్లు ఎక్కువంటే ఆశ్చర్యమేముంది, అమ్మేటప్పుడు ఈ సంగతి చెబితే కొనేవారెందరు?

ముసలిదాన్ని తీసుకుని ఏం లాభం అనేవారికి సెయింట్ హెలీనా ద్వీపంలోని జొనాథన్ సంగతి చెప్పాలి. సుమారు 1832లో పుట్టిందని అంచనా వేసిన రాక్షస తాబేలు అది. చూపు పోయి, వాసన తెలియక, సరైన మేత దొరక్క ముక్కు పెళుసుబారితే, అక్కడి పశువైద్యుడు వారానికోసారి చేత్తో కూరగాయలూ పండ్లూ తినిపించడం మొదలుపెట్టారు. ముక్కు మళ్లీ పదునెక్కింది. అంత వయసులో!

పెంచలేమనుకున్నవాళ్లు చేసే మరో పని, చెరువులోనో అడవిలోనో వదిలేయడం. భూతాబేలు ఈదలేదు, మునిగిపోతుంది. అడవిలో వదిలితే దాని జబ్బులు అక్కడి తాబేళ్లకు అంటుకుంటాయి. అమెరికాలోని మొహావే ఎడారి తాబేళ్లను ముప్పులో ఉన్న జాతిగా 1990లో ప్రకటించారు. వాటిని దెబ్బతీసిన శ్వాసకోశ వ్యాధి వ్యాప్తిలో జనం వదిలేసిన పెంపుడు తాబేళ్ల పాత్ర కూడా ఉండొచ్చని శాస్త్రవేత్తలు అనుమానించారు. ఇంట్లో అప్పటికే తాబేలు ఉన్నవాళ్లు కొత్తదాన్ని కొన్ని నెలలు విడిగా ఉంచాలనేది కూడా ఇందుకే. నక్షత్ర తాబేలు విషయంలో ఇంకో మెలిక ఉంది. దాన్ని ఇంట్లో ఉంచుకోవడాన్ని భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. వన్యజీవుల వ్యాపారంపై దేశాల మధ్య ఉన్న ఒప్పందం సైట్స్‌లో, అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే మొదటి అనుబంధంలో కూడా 2019లో చేర్చారు. అలాంటిది ఎదురైతే జాలిపడి ఇంటికి తీసుకెళ్లకుండా అటవీ శాఖకు అప్పగించాలి.

అమెరికాలోని అరిజోనాలో పెంపకంలో ఉండిపోయిన ఎడారి తాబేళ్లను అక్కడి వన్యప్రాణి శాఖే దత్తత ఇస్తుంది. అడిగినవాళ్లు పెరట్లో కంచె, ఎండకూ చలికీ తలదాచుకునే బొరియ ముందే సిద్ధం చేసి ఉంచాలి. మిగతా చోట్లా ఇలాగే ముందు చోటు, తర్వాత తాబేలు అన్న పద్ధతి పెట్టడం పెద్ద కష్టమేం కాదు. ఇచ్చే సంస్థ ఆ చోటు ఫొటో అడగాలి. తాబేలుతో పాటు దాని జాతి, సుమారు వయసు, బరువు, చేసిన వైద్యం రాసిన కాగితం ఇవ్వాలి. తీసుకున్నవారు వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి అదే కాగితంలో రాసుకుంటే, ఆకలి తగ్గిందని మనకు అనుమానం రాకముందే అంకెలు చెప్పేస్తాయి. తాబేలు మనకంటే ఎక్కువ కాలం బతికే అవకాశం ఉంది కాబట్టి, మన తర్వాత ఎవరు చూస్తారన్నది కూడా అందులో ఒక వరసగా ఉండాలి. ఇదంతా చూసి కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ‘ఉచితంగా ఇవ్వబడును’ అంటూ తాబేళ్ల గురించి వచ్చే ప్రకటనల్లో జాతి పేరు, బరువు, ఇవ్వడానికి కారణం లేకపోతే వేసుకోకండి. దత్తత మీద మళ్లీ కథనం వేస్తే, సరీసృపాల వైద్యం తెలిసిన డాక్టరుతో మాట్లాడి వేయండి. పిల్లలు తాబేలుకు ముద్దు పెడుతున్న ఫొటో మాత్రం వద్దు. ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటిమీద కూడా మనుషులకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. ఆ కారణంగానే 1975లో అమెరికా నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలన్న ఒక్క వాక్యానికి ఆ ఫొటో స్థలం సరిపోతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు