శిఖరం ఎత్తు పక్కన కొలిచిన ఏడాది కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

నేను గ్రూప్స్‌కు చదువుకుంటున్నాను. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో సీటు దొరికిందంటే ఇక సాయంత్రం దాకా అక్కడే. మీ పోటీ పరీక్షల పేజీని కత్తిరించి ఫైల్లో దాచుకునే వాళ్లలో నేనూ ఒకదాన్ని, అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

పోయిన వారం ఒక కోచింగ్ సెంటర్‌లో మాక్ టెస్ట్ రాశాను. స్వీడన్‌లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఎత్తెంత అని ఒక ప్రశ్న. నేను 2097 మీటర్లు అని పెట్టాను, కీలో 2111 ఇచ్చారు. వెళ్లి అడిగితే, "పుస్తకంలో ఏముంటే అదే పెట్టాలమ్మా" అన్నారు. మైనస్ మార్కు పడిందని కాదు నా బాధ. ఆ 2111 ఒకప్పుడు నిజమే, ఇప్పుడు కాదు, ఎందుకు కాకుండా పోయిందో అదే కదా మనం చదవాల్సింది, దాన్ని మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

స్వీడన్ ఉత్తరాన, ఆర్కిటిక్ వలయానికి పైన కెబ్నెకైసె అనే కొండ ఉంది. దానికి రెండు తలలు. ఉత్తరపు తల ఉత్త రాయి, 2096.8 మీటర్లు. దక్షిణపు తల మీద మాత్రం దట్టంగా మంచు పేరుకుని ఉంటుంది, ఇన్నాళ్లూ దేశంలో మొదటి స్థానం దానిదే. ఆ మంచు చలికాలంలో పెరుగుతుంది, వేసవిలో తరుగుతుంది, కాబట్టి స్టాక్‌హోమ్ యూనివర్సిటీ వాళ్లు దగ్గర్లోని తార్‌ఫాలా పరిశోధన కేంద్రం నుంచి వెళ్లి, ఏటా కరగడం ఆగే సెప్టెంబర్ ప్రాంతంలో ఎత్తు కొలుస్తారు. 2019 సెప్టెంబర్‌లో కొలిస్తే 2095.6 వచ్చింది. నాలుగడుగుల తేడాతో మంచు శిఖరం రెండో స్థానానికి పడిపోయింది. 2021లో 2094.6కి దిగింది. భూమి వేడెక్కుతోందని మనం పేజీలకు పేజీలు బట్టీ పడతాం కానీ, అది ఒక దేశపు శిఖరాన్నే మార్చేసిందన్న ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆ పాఠం మళ్లీ మర్చిపోతామా?

మా తమ్ముడు తొమ్మిదో తరగతి. వాడికి ఇది చెప్తే మొదట నమ్మలేదు, కొండ ఎత్తు ఎలా తగ్గుతుందక్కా అన్నాడు. మా వీధి చివర చెరకు రసం బండి దగ్గరికి తీసుకెళ్లాను. గోనెసంచి కప్పిన ఐస్ దిమ్మ పొద్దున పెట్టినప్పుడు వాడి మోకాలి దాకా ఉంది, మధ్యాహ్నానికి అందులో సగమే మిగిలింది, కింద బల్ల అలాగే ఉంది. వాడే అన్నాడు, బల్ల రాయి, దిమ్మ మంచు అని.

నార్వేలోనూ ఇలాంటి కథే ఉంది. ఆ దేశంలో ఎత్తైన గాల్‌హోపిగ్గెన్, 2469 మీటర్లు, దాని పక్కనున్న గ్లిట్టర్‌టిండ్ రెండూ యోతున్‌హైమెన్ అనే కొండల్లోవే, ఆ పేరుకు రాక్షసుల ఇల్లు అని అర్థం. మంచుతో కలిపి లెక్కేస్తే ఒకప్పుడు గ్లిట్టర్‌టిండే ఎత్తనేవాళ్లు. మంచు తగ్గింది, ఆ పోటీ పోయింది. ఐస్‌లాండ్ శిఖరమైతే కరిగే పని లేకుండానే తగ్గింది, పాత పుస్తకాల్లో 2119 మీటర్లు, 2005లో కొత్తగా కొలిస్తే 2110. డెన్మార్క్‌లోనూ 2005లోనే మళ్లీ కొలిచి, మోలెహోయ్ అన్నిటికంటే ఎత్తైనదని తేల్చారు. అదీ ఎంత, 171 మీటర్లకు కాస్త తక్కువ. సముద్ర మట్టం నుంచి చూస్తే మన హైదరాబాద్ రోడ్లే 500 మీటర్ల పైన ఉన్నాయి!

ఫిన్‌లాండ్ సంగతి నాకు అన్నిటికంటే ఇష్టం. హాల్తి కొండ కొన నార్వేలో ఉంది, ఫిన్‌లాండ్‌కు దక్కింది 1324 మీటర్ల దగ్గరున్న దాని వాలు మాత్రమే. 2017లో ఫిన్‌లాండ్ స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండే సందర్భంగా సరిహద్దును కొన్ని పదుల మీటర్లు జరిపి అక్కడున్న ఒక శిఖరాన్ని కానుకగా ఇద్దామని నార్వేలో కొందరు కోరారు. దేశాన్ని విభజించడానికి వీల్లేదని రాజ్యాంగంలో ఉంది కాబట్టి కుదరదని అక్కడి ప్రభుత్వం చెప్పింది.

అంత దూరం ఎందుకు, ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైన శిఖరం ఏదంటే ఒక పుస్తకం అర్మకొండ 1680 మీటర్లు అంటుంది, ఇంకోటి జిందగడ 1690 అంటుంది. ఏది పెట్టాలో తెలియక పరీక్ష హాల్లో మాకు టెన్షన్.

నేను కోరేది చిన్న పని. మీ పేజీలో శిఖరాల పట్టిక వేసినప్పుడు ఎత్తు పక్కన ఇంకో గడి పెట్టి, ఏ ఏడాది కొలిచారో, అది రాయి ఎత్తో మంచుతో కలిపిన ఎత్తో వేయండి. ఎత్తు మారినప్పుడు రెండు లైన్లయినా మళ్లీ రాయండి. నా పుస్తకంలో 2111 పక్కన నేను పెన్సిల్‌తో 2096.8, 2019 అని రాసుకున్నాను. లైబ్రరీలో నా పక్క సీటు అమ్మాయి అది చూసి తన పుస్తకంలోనూ రాసుకుంది.

ఇట్లు,
ఒక గ్రూప్స్ అభ్యర్థిని,
చిక్కడపల్లి, హైదరాబాద్