ఉపసభాపతి ఎన్నికకు తేదీ ఖరారు చేయండి: లోక్‌సభ స్పీకర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్పీకర్ గారికి,

నమస్కారం. 17వ లోక్‌సభ ఉపసభాపతి (డిప్యూటీ స్పీకర్) లేకుండానే ముగిసింది. 18వ సభ తొలి ఏడాదీ అలాగే గడిచింది. రాజ్యాంగం 93వ అధికరణ ‘వీలైనంత త్వరగా’ ఎన్నుకోమంటుందే గానీ గడువు పెట్టలేదు. చిక్కంతా అక్కడే. లోక్‌సభ 8వ నిబంధన ప్రకారం ఎన్నిక తేదీ నిర్ణయించాల్సింది మీరే.

సభను నడిపేందుకు పది మందికి మించని సభ్యుల ప్యానెల్ ఉంది కదా అంటారు. అది మీరు సభలో లేనప్పటి ఏర్పాటు మాత్రమే. మీ పదవే ఖాళీ అయితే 95వ అధికరణ ప్రకారం బాధ్యత ఉపసభాపతిది. ఆయనా లేకపోతే రాష్ట్రపతి ఒక సభ్యుణ్ణి నియమించాలి. అంటే సభ ఎన్నుకోవలసిన మనిషి స్థానంలోకి నియామకం వచ్చి పడుతుంది.

ఇది ఊహ కాదు. 1956 ఫిబ్రవరిలో స్పీకర్ మావలంకర్ పదవిలో ఉండగానే కన్నుమూస్తే, ఉపసభాపతి అనంతశయనం అయ్యంగార్ ఉన్నారు; తర్వాత ఆయనే స్పీకరయ్యారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి స్పీకర్ బాలయోగి మరణించారు. బడ్జెట్ సమావేశాల నడుమ ఆ భారం మోసింది ఉపసభాపతి పి.ఎం. సయీద్. మే నెలలో గానీ కొత్త స్పీకర్‌గా మనోహర్ జోషి రాలేదు.

ఇంకో మాట: స్పీకర్ రాజీనామా ఇవ్వాల్సింది ఉపసభాపతికే. 1977 జులైలో రాష్ట్రపతి ఎన్నిక కోసం నీలం సంజీవరెడ్డి తప్పుకున్నట్టు రేపు మీరు తప్పుకోవాలంటే లేఖ ఎవరి చేతికిస్తారు?

తేదీ ప్రకటించండి. పదవి ప్రతిపక్షానికివ్వడం ఆనవాయితీయే, చట్టం కాదు; ఆ బేరం తర్వాత చూసుకోవచ్చు.

ఇట్లు,
పార్లమెంటు నిబంధనలను అనుసరించే కొందరు పౌరులు