తడిసిన ఫొటోలను చెత్తబండికి ఇవ్వకండి

సంపాదకులకు,

వానలు మొదలయ్యాయి కాబట్టి ముందే ఈ మాట చెప్పాలనిపించింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అదే రోజుల్లో మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచింది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజయవాడలో మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు ప్రకటించింది. ఆ డబ్బుతో స్టవ్వో మంచమో కొనుక్కోవచ్చు. నాయనమ్మకు ఉన్న ఒకే ఒక్క ఫొటో పోతే దాన్ని ఏ పరిహారమూ తెచ్చివ్వలేదు. అయినా నీళ్లు తీశాక బురద పట్టిన పరుపులతో పాటు ఆల్బమ్‌లనూ బండిలోకి విసిరేస్తుంటారు, ఇక పనికిరావనుకుని. చాలావరకు పనికొస్తాయి.

స్టూడియోలో ఫొటోను కడిగేదే నీళ్లలో. కాసేపు మంచినీళ్లలో ఉన్నంత మాత్రాన దానికి హాని జరగదు. దాని మీద ఉండే జెలటిన్ పొర తడిస్తే ఉబ్బి జిగురులా మారుతుంది. ఆ స్థితిలో ఒకదాని మీద ఒకటి ఉండి ఆరితే అతుక్కుపోతాయి, తర్వాత విడదీస్తే బొమ్మ ఊడి పక్క ఫొటోకి అంటుకుని వస్తుంది. ఫొటో పాడయ్యేది ఎక్కువగా అక్కడే. కాబట్టి తడిసిన ఆల్బమ్‌ను ఎండలో పెట్టకూడదు, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ అసలు వాడకూడదు. మన వేడికి, తేమకు రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. ఉన్న గడువు అంతే.

వరద నీళ్లలో మురుగు కలిసి ఉంటుంది, చేతులకు గ్లవ్స్ వేసుకోండి. బేసిన్‌లో చల్లని మంచినీళ్లు పోసి ఫొటోను అంచులు పట్టుకుని ముంచి మెల్లగా కదపండి. బొమ్మ ఉన్న వైపు వేలితో గాని, గుడ్డతో గాని రుద్దొద్దు. బురద దిగిన కొద్దీ నీళ్లు మార్చండి. తర్వాత నీడలో, ఫ్యాను గాలి సూటిగా తగలని చోట, బొమ్మ పైకి ఉండేలా తెల్ల నూలుబట్ట మీద పరచండి. అచ్చయిన దినపత్రిక మాత్రం వద్దు, సిరా ఫొటోకి దిగుతుంది. ఆరాక అంచులు చుట్టుకుంటే కంగారు పడొద్దు, బాగా ఆరాక బరువు కింద పెడితే సర్దుకుంటాయి.

వందల ఫొటోలుండి ఇల్లు కడుక్కోవడానికే తీరిక లేకపోతే, కడిగిన వాటి మధ్య పాలిథిన్ కాగితం పెట్టి చిన్న కట్టలుగా కవర్లో వేసి, కరెంటు ఉన్న బంధువుల ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టించండి. నెలల తర్వాతైనా తీసి నిదానంగా ఆరబెట్టుకోవచ్చు.

పటం కట్టించిన ఫొటోలతో ఎక్కువ జాగ్రత్త కావాలి. అద్దం మీద పెట్టిన కుంకుమబొట్టును ముందు తుడిచేయండి, లేదంటే ఎర్రనీళ్లు లోపలికి దిగుతాయి. వెనక అట్ట తీసి, ఫొటో అద్దానికి అంటుకుని ఉంటే అద్దంతో సహా నీళ్లలో ఉంచండి, అదే వదులుతుంది. అప్పటికే ఆరి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు. అద్దంతోనే స్కాన్ చేయించండి. కరిజ్మా ఆల్బమ్ (ఫొటోలనే పేజీలుగా అచ్చేసి పుస్తకంలా బైండ్ చేసే పెళ్లి ఆల్బమ్) తడిస్తే బైండింగ్ కోసి, తడి మీదే పేజీలు వేరు చేయాలి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసినవి మాత్రం నీళ్లలో ముంచొద్దు, రంగు కారిపోతుంది. ఏది ముందు అంటే, ఇంకో కాపీ ఎక్కడా లేని పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు, నెగెటివ్‌లు ముందు. నెగెటివ్ బతికితే ఫొటో మళ్లీ వేయించుకోవచ్చు. పెళ్లి వీడియో క్యాసెట్, హార్డ్‌డిస్క్ తడిస్తే పనిచేస్తుందో లేదో చూద్దామని ఆడించకండి, తెలిసినవాళ్లకు ఇవ్వండి.

వరద రాకముందే చేసుకోవాల్సింది కొంత ఉంది. ఆల్బమ్‌లు బీరువా అడుగు అరలో వద్దు, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో అటక మీద పెట్టండి. పోస్టుకార్డు సైజు ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), పాస్‌పోర్టు సైజుదాన్ని 1200లో స్కాన్ చేయిస్తే పెద్దది చేసుకోవచ్చు. ఫైళ్లు ఒక్క ఫోన్‌లోనే ఉంచకుండా వేరే ఊళ్లో ఉండే తోబుట్టువులకూ ఇవ్వండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోలో ఎవరెవరున్నారో పెద్దవాళ్లుండగానే అడిగి, వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందు వైపు తేలుతుంది.

మున్సిపల్ అధికారులకు ఒక మనవి. సహాయ శిబిరాల్లో రెండు టబ్బులు, మంచినీళ్లు, నూలుబట్టలు ఫొటోల కోసం కేటాయించండి. చెత్త ఎత్తే సిబ్బందికి ఆల్బమ్ కనిపిస్తే బండిలో వేసేముందు ఇంటివాళ్లను ఒక్కమాట అడగమని చెప్పండి.

– పాత ఫొటోలు బాగుచేసే పనివాళ్లం, విజయవాడ