ఇరుకున పడిన మాట

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఫీజు గడువూ ఇంటి అద్దే ఒకేసారి మీద పడి ‘డైర్ స్ట్రెయిట్స్’లో, అంటే పెద్ద ఇరకాటంలో, ఉన్నానని ఇంగ్లీషులో రాశావు. సోమవారం డబ్బు నీ ఖాతాలో వేస్తాను, దాని గురించి బెంగపెట్టుకోకు. అయితే ‘స్ట్రెయిట్స్’ అనే మాటలో నువ్వు జి, హెచ్ అనే రెండు అక్షరాలు అదనంగా చేర్చావు. వాటితో అర్థం తలకిందులైంది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

జి, హెచ్ ఉన్న స్ట్రెయిట్ అంటే తిన్ననిది. సాగదీయడమనే అర్థమున్న పాత ఇంగ్లీషు క్రియ నుంచి అది వచ్చింది. అవి లేని స్ట్రెయిట్ పుట్టుక వేరు; బిగించి కట్టడమనే అర్థమిచ్చే లాటిన్ క్రియ ‘స్ట్రింగెరె’ నుంచి, ‘స్ట్రిక్టస్’ అనే రూపం మీదుగా, పాత ఫ్రెంచి దారిలో ఇంగ్లీషుకు చేరింది. ఒకటి సాగినది, మరొకటి బిగిసినది. స్ట్రిక్ట్ అనే మాటా దీని తోబుట్టువే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో మనవాళ్లు ‘ఇరుకు ద్వారము’ అని చదువుకునే చోట ఉన్నదీ ఈ స్ట్రెయిట్ అనే మాటే. రెండు భూభాగాల నడుమ సముద్రం సన్నబడిన చోటుకు, అంటే మనకూ శ్రీలంకకూ మధ్యనున్న పాక్ జలసంధి వంటిదానికి, అదే పేరు. ‘డైర్’ అంటే భయంకరమైనదని అర్థం, అదీ లాటిన్ నుంచి వచ్చినదే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మన భాషలోని పోలిక. కష్టాన్ని మనం ఇరకాటం అంటాం, అందులో ఇరుకు ఉంది. సంకటం అనే సంస్కృత పదానికీ మొదట ఇరుకైనది అనే అర్థమే. ఎక్కడి రోమ్, ఎక్కడి బెజవాడ! ఊపిరి ఆడని చోటునే ఇద్దరూ కష్టమన్నారు.

నీకు ఆరేళ్లప్పుడు ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి, కృష్ణ ఇక్కడ ఎందుకు సన్నబడిందని అడిగావు. ఇంద్రకీలాద్రి నదికి దారినిచ్చిందనీ, ఆ బెజ్జం వల్లే బెజవాడ అనే పేరు వచ్చిందనీ పెద్దలు చెప్పే కథ అప్పుడు చెప్పాను. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, నడుమ ఒదిగి పారే నది. ఆ ఇరుకు చూసే 1855 నాటికి ఇక్కడ ఆనకట్ట కట్టారు, 1957లో బ్యారేజీ వచ్చింది. డెల్టా కాలువలకు నీరు వెళ్లేది ఆ ఇరుకు నుంచే.

అమ్మ గోంగూర పచ్చడి కలిపి ఉంచింది, బుధవారం బస్సులో పంపిస్తాం.

నాన్న