మోతిబిందు ఆపరేషన్ తర్వాత మసక: లేజర్ చికిత్స దగ్గరలో అందాలి

సంపాదకుడు గారికి,

మోతిబిందు (శుక్లం) ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్లలో కొందరికి కొన్ని నెలలకో, ఏళ్లకో చూపు మళ్లీ మసకబారుతుందనీ, దానికి కోత లేకుండా నిమిషాల్లో ముగిసే లేజర్ చికిత్స ఉన్నదనీ మా వైపు పల్లెల్లో చాలామందికి తెలియదు. మా ఇంట్లో జరిగేదాకా నాకూ తెలియదు.

మా అమ్మకు మూడేళ్ల కింద ఒక ఉచిత శిబిరం ద్వారా ఆపరేషన్ అయింది. మొదట్లో చాటలో బియ్యం పోసుకొని రాళ్లు తనే ఏరేది. రానురాను చాటను గడప దాకా జరుపుకొని, వెలుగుకు ఎత్తిపట్టి, ఆఖరుకు వేళ్లతో తడిమి ఏరడం మొదలుపెట్టింది. అడిగితే, "పొర మళ్లొచ్చింది బిడ్డా, ఇంకోసారి కోయించుకునే ఓపిక లేదు" అన్నది. ఆమె డిశ్చార్జి చీటీలో చుక్కల మందుల పేర్లున్నాయి గాని, మళ్లీ మసకైతే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. ఏడాది అలాగే గడిచిపోయింది.

నిజానికి తీసేసిన శుక్లం మళ్లీ రాదు. ఆపరేషన్‌లో కంటి కటకాన్ని తీసి, దాన్ని పట్టి ఉంచే పలుచని సంచిని మాత్రం అలాగే ఉంచి, అందులో కృత్రిమ లెన్స్ అమరుస్తారు. మిగిలిన కణాలు ఆ సంచి వెనుక పొర మీదికి పాకి పెరిగితే అది తెల్లబారి చూపుకు అడ్డుపడుతుంది. పలు అధ్యయనాలను కలిపి 1998లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం అయిదేళ్లలో నూటికి 28 కళ్లలో ఇలా జరిగింది. అంచులు పదునుగా ఉండే కొత్త లెన్సులతో ఇది తగ్గింది గాని, పోలేదు.

దేవరకొండలో ఆ పొరను తెరిచే లేజర్ యంత్రం దొరకక అమ్మను నల్లగొండకు తీసుకుపోయాను. చుక్కలు వేసి, కంటిపాప విచ్చుకున్నాక, యంత్రం మీద గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. యాగ్ లేజర్‌తో ఆ పొర నడుమ చిన్న కిటికీలాగా తెరిచారు. "అయిపోయిందా?" అని ఆమే ఆశ్చర్యపోయింది. పట్టీ లేదు, సాయంత్రానికి ఇంట్లో ఉన్నాము. అయితే ప్రతి మసకా ఇదే కాదు, షుగరు వల్ల, నీటికాసుల వల్ల కూడా చూపు తగ్గవచ్చు కాబట్టి ముందు డాక్టరు పరీక్షించాలి. లేజర్ తర్వాత కంటి ఒత్తిడి కొంత పెరగవచ్చు. మెరుపులు కనబడినా, తెర పడ్డట్టనిపించినా ఆలస్యం చేయకుండా కంటి ఆసుపత్రికి పోవాలి. అరుదుగానే అయినా రెటీనా ఊడే ప్రమాదం ఉంటుంది.

2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగులో ఊరూరా కళ్లు పరీక్షించిన అనుభవం మన వైద్య సిబ్బందికి ఉన్నది. ఆపరేషన్ అయినవారి జాబితాలు ఆశా కార్యకర్తలకిచ్చి, ఏడాదికోసారైనా వారి చూపు పరీక్షించాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. దేవరకొండ, అచ్చంపేట వంటి చోట్ల నెలలో ఒక రోజైనా ఈ లేజర్ అందుబాటులో ఉంచాలి. డిశ్చార్జి చీటీ మీద, "మళ్లీ మసకైతే రండి, కోత అక్కర లేకపోవచ్చు" అని పెద్ద అక్షరాల తెలుగులో అచ్చు వేయించడానికైతే బడ్జెట్ కోసం ఆగవలసిన పని కూడా లేదు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా